రోజుకు రెండున్నర ఓడల ముడిచమురు: దిగుమతులు, దేశ ఇంధన భద్రతపై తరచుగా అడిగే ప్రశ్నలు

పశ్చిమాసియాలో ఎక్కడ క్షిపణి పడినా, బంకులో లీటరు ధర రూపాయి కదిలినా ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచి, ఏ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లినా జవాబు పూర్తిగా దొరికేలా ఈ పుటను కూర్చాను. వార్షిక అంకెలు ఎక్కువగా 2024-25 ఆర్థిక సంవత్సరానివి. సంఘటనలు 2025 వరకు జరిగినవి.

## మన పరిస్థితి ఏమిటి

మన దేశం వాడే చమురులో నిజంగా ఎంత భాగం బయటి నుంచి వస్తోంది?

నూటికి దాదాపు 88 పాళ్లు. 2024-25లో 24 కోట్ల టన్నులకు పైగా ముడిచమురును దిగుమతి చేసుకున్నాం; దేశంలో తీసినది 3 కోట్ల టన్నుల లోపే. ఇది ఎంతో తెలియాలంటే ఒక పెద్ద ట్యాంకరు నౌకను ఊహించుకోండి. అది ఒక్క విడతకు 20 లక్షల బ్యారెళ్లు (బ్యారెల్ అంటే 159 లీటర్లు) మోస్తుంది. అలాంటి నౌకలు ఏడాది పొడవునా, పండగా పబ్బమూ లేకుండా, రోజుకు సుమారు రెండున్నర చొప్పున మన తీరాలకు చేరుతూ ఉండాలి. స్వదేశీ ఉత్పత్తి 2011-12లో 3.8 కోట్ల టన్నుల దాకా వెళ్లి, తరువాత తగ్గుతూ వచ్చింది. వాడకం మాత్రం పెరుగుతూనే ఉంది.

ఇంధన భద్రత అంటే దిగుమతులు అసలే లేకపోవడమా?

కాదు. అలా అనుకుంటే తన చమురంతా దాదాపుగా బయటే కొనే జపాన్‌కు ఇంధన భద్రత లేనట్టే లెక్క. కానీ 200 రోజులకు పైగా సరిపోయే నిల్వలు ఉంచుకునే ఆ దేశం మనకంటే ఎక్కువ కాలం తట్టుకోగలదు. కావలసిన ఇంధనం, కావలసిన సమయానికి, జనం భరించగల ధరకు, అంతరాయం లేకుండా దొరకడమే ఇంధన భద్రత. అందువల్ల "ఎంత దిగుమతి చేసుకుంటున్నాం" అన్న ప్రశ్నతో ఆగిపోకూడదు. అమ్మేవాడు ఒక్కడు తప్పుకున్నా, నౌకలు వచ్చే దారి ఒక్కటి మూసుకుపోయినా, డబ్బు చెల్లించే మార్గం ఒక్కటి తెగినా, ఎవరి ముందూ చేయి చాపకుండా ఎన్ని రోజులు గడపగలం అన్నదే అసలు కొలత. ఆ కొలతలో మనం ఇంకా బలహీనంగానే ఉన్నామన్నది నా అభిప్రాయం.

కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు ఉందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. అది సరిపోదా?

చమురు ఉన్న మాట నిజమే కానీ మన అవసరంతో పోలిస్తే అది స్వల్పం. అస్సాంలోని డిగ్బోయిలో 1889లో చమురు పడింది; 1974లో బొంబాయి హై, 2004లో రాజస్థాన్‌లోని మంగళ క్షేత్రం బయటపడ్డాయి. మన వైపు సురసాని యానాం తీరానికి ఎదురుగా ఉన్న రవ్వ క్షేత్రం ఎన్నో ఏళ్లుగా చమురు ఇస్తోంది. గోదావరి లోతు సముద్రంలోని 98/2 బ్లాకు నుంచి ప్రభుత్వరంగ చమురు సంస్థ ఓఎన్జీసీ 2024 జనవరిలో తొలి చమురు తీసింది. ఆ బ్లాకు పూర్తి స్థాయికి చేరితే రోజుకు 45,000 బ్యారెళ్లు వస్తాయని అంచనా. దేశం రోజుకు వాడేది సుమారు 55 లక్షల బ్యారెళ్లు, అంటే ఆ మొత్తం మనకు పావుగంట వాడకానికి కూడా చాలదు.

ఈ లెక్క రాసేటప్పుడు కోనసీమను తలచుకోకుండా ఉండలేను. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండింది. కొబ్బరి తోటల నడుమ ఆ మంటను రాత్రింబవళ్లు చూసిన ఊళ్లు ఇంకా ఉన్నాయి. స్వదేశీ చమురు తక్కువే కావచ్చు, కానీ దానికి చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు.

చమురే లేని దేశం పెట్రోలు, డీజిలు ఎగుమతి ఎలా చేస్తోంది?

ముడిచమురు వేరు, దాన్ని శుద్ధి చేయగా వచ్చే పెట్రోలు, డీజిలు వేరు. మన రిఫైనరీల సామర్థ్యం ఏడాదికి దాదాపు 25.7 కోట్ల టన్నులు. జామ్‌నగర్‌లోనిది ఒకే చోట ఉన్న రిఫైనరీల్లో ప్రపంచంలోనే పెద్దది. బయటి ముడిచమురును తెచ్చి, శుద్ధి చేసి, మనకు కావలసింది వాడుకుని, ఏటా 6 కోట్ల టన్నులకు పైగా ఉత్పత్తులను అమ్ముతున్నాం. భద్రత కోణంలో ఇది మేలే. కష్టకాలంలో ఎగుమతులను తగ్గించి దేశానికి మళ్లించే వీలుంటుంది. 2022 జూలైలో కేంద్రం ఎగుమతులపై పన్ను విధించిన కారణాల్లో ఇది కూడా ఒకటి. ఆ పన్నును 2024 డిసెంబరులో ఎత్తివేశారు.

## దారి మూసుకుపోతే

హోర్ముజ్ జలసంధి మూసేస్తే మనకు ఏమవుతుంది?

ఇరాన్‌కు, ఒమన్‌కు మధ్య ఉన్న ఈ జలసంధి ఇరుకైన చోట 30 కిలోమీటర్లకు కాస్త పైన వెడల్పు ఉంటుంది. అందులోనూ పెద్ద నౌకలు వెళ్లే దారి, వచ్చే దారి ఒక్కొక్కటీ సుమారు మూడు కిలోమీటర్లే. ఆ సందులోంచి 2024లో రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్ల చమురు దాటింది. ప్రపంచం వాడే చమురులో అది ఐదో వంతు. ఇరాక్, సౌదీ అరేబియా, కువైట్, ఎమిరేట్స్ నుంచి మనకు వచ్చే ముడిచమురులో అధిక భాగం ఈ దారినే వస్తుంది.

సౌదీకి ఎర్ర సముద్ర తీరంలోని యాన్బు దాకా, ఎమిరేట్స్‌కు ఫుజైరా దాకా జలసంధిని తప్పించే పైపులైన్లు ఉన్నాయి. ఇరాక్ దక్షిణ క్షేత్రాలకూ, కువైట్‌కూ, ఖతార్ గ్యాసుకూ అలాంటి పక్కదారి లేదు. 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ మధ్య 12 రోజుల యుద్ధం జరిగినప్పుడు ఇరాన్ పార్లమెంటు జలసంధి మూసివేతకు ఆమోదం తెలపగానే ప్రపంచమంతా ఉలిక్కిపడింది. మూయవచ్చునన్న భయం ఒక్కటి చాలు, నౌకల బీమా రుసుములు పెరిగిపోతాయి. ఆ భారం కొనేవారి మీదే పడుతుంది.

అలాంటిది జరిగితే బంకులు మర్నాడే ఖాళీ అవుతాయా?

కావు. దారిలో ఉన్న నౌకలు, రిఫైనరీల ట్యాంకులు, డిపోలు, పైపులైన్లలో ఉన్న సరుకు కొన్ని వారాలు నడిపిస్తుంది. బంకులను మర్నాడే ఖాళీ చేసేది జనం గాబరా. అందరూ ఒకేరోజు ట్యాంకు నింపించుకోవాలనుకుంటే ఏ బంకూ తట్టుకోలేదు. 2024 జనవరి మొదట్లో ట్యాంకరు డ్రైవర్లు సమ్మెకు దిగినప్పుడు హైదరాబాదు బంకుల ముందు కిలోమీటర్ల వరుసలు కట్టినది ఇందుకే; ఆ రోజున దేశంలో చమురు కొరత లేనే లేదు.

వంటగ్యాసు సంగతేమిటి? చమురు గురించి మాట్లాడినంతగా దాని గురించి మాట్లాడరే?

మాట్లాడాలి, ఎందుకంటే మన అసలు బలహీనత అక్కడే ఉంది. ఏడాదికి వాడే 3.1 కోట్ల టన్నుల వంటగ్యాసులో దాదాపు 60 శాతం దిగుమతే. అదీ ఎక్కువగా ఖతార్, ఎమిరేట్స్, సౌదీ, కువైట్‌ల నుంచి హోర్ముజ్ గుండా వస్తుంది. ముడిచమురుకు అమ్మేవాళ్లు పలు ఖండాల్లో ఉన్నారు, వంటగ్యాసుకు అంతమంది లేరు. నిల్వలూ తక్కువే. విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున రాతి గర్భంలో తొలిచిన వంటగ్యాసు గుహ పేరు పొందినదే కానీ, దానిలో పట్టేది 60,000 టన్నులు. దేశం ఒక్కరోజుకు కాల్చేది 85,000 టన్నులు. కట్టెల పొయ్యి మానేసి బండకు అలవాటు పడిన పల్లె ఇల్లాలిని మళ్లీ పొగలోకి నెట్టకుండా ఉండాలంటే, ముడిచమురు నిల్వలకు ఇచ్చే శ్రద్ధను దీనికీ ఇవ్వాలి.

1991లో బంగారం తాకట్టు పెట్టడానికీ చమురుకూ సంబంధం ఏమిటి?

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. ఆ రెండు దేశాలూ మనకు ముఖ్యమైన చమురు సరఫరాదారులు. కొద్ది వారాల్లో బ్యారెల్ ధర రెట్టింపు దాటి 40 డాలర్లకు చేరింది. అదే సమయంలో కువైట్ నుంచి వచ్చే జీతాల డబ్బు ఆగిపోయింది, సుమారు 1.7 లక్షల మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తీసుకురావలసి వచ్చింది. వారిలో కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవారు ఎందరో ఉన్నారు. అంటే చమురు బిల్లు పెరగడమూ, ఆ బిల్లు కట్టడానికి కావలసిన డాలర్లు తగ్గడమూ ఒకే యుద్ధం వల్ల, ఒకేసారి జరిగాయి.

ప్రభుత్వ లోటు, విదేశీ అప్పులు అంతకు ముందు నుంచే పెరుగుతున్నాయి కనుక సంక్షోభానికి చమురు ఒక్కటే కారణమని చెప్పడం సరికాదు. అయితే అంచున నిలబడ్డవాడిని అది తోసింది. విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయే స్థాయికి పడిపోయాయి. 1991 మే నెలలో 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్ బ్యాంకు చేతికి, జూలైలో మరో 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు చేరింది. జూన్‌లో ప్రధాని పదవి చేపట్టిన పి.వి.నరసింహారావుకు తొలిరోజునే ఎదురైన సమస్య ఇదే. పరాయి చోట జరిగిన యుద్ధం మన ఇంటి బంగారం దాకా ఎలా వస్తుందో ఆ ఏడాది చూసినవారికి మళ్లీ చెప్పనక్కరలేదు.

## ఎవరి దగ్గర కొంటున్నాం

రష్యా చమురు ఇంతగా ఎందుకు కొన్నాం? అది మనకు భద్రతా, ప్రమాదమా?

రెండూ. 2021-22లో మన దిగుమతుల్లో రష్యా వాటా నూటికి రెండు పాళ్లు. ఉక్రెయిన్ యుద్ధం తరువాత యూరప్ దేశాలు కొనడం మానేయడంతో రష్యా తగ్గింపు ధరకు అమ్మజూపింది. రెండేళ్లు తిరగకుండానే ఆ వాటా మూడో వంతు దాటింది. ధర తగ్గింది, హోర్ముజ్ మీద ఆధారం తగ్గింది. గల్ఫ్ దేశాలతో బేరమాడే బలమూ వచ్చింది. అంతవరకూ అది తెలివైన పనే.

అయితే ఒక్కరి వాటా మూడో వంతు దాటితే ఆ ఒక్కరికి వచ్చే ప్రతి చిక్కూ మన చిక్కే అవుతుంది. 2025 ఆగస్టులో అమెరికా రష్యా చమురు పేరు చెప్పి మన సరుకుల మీద మరో 25 శాతం సుంకం వేసి, మొత్తాన్ని 50 శాతానికి చేర్చింది. మన రొయ్యలకు అతిపెద్ద మార్కెట్ అమెరికా, రొయ్యల సాగులో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. భీమవరం చుట్టుపక్కల చెరువు గట్టు మీద నిలబడి ఎకరానికి ఇంత పెట్టుబడి పెట్టిన రైతుకు రష్యా ఓడతో ఏ సంబంధమూ లేదు. అయినా కిలో ధర పడిపోయినప్పుడు ఆ బిల్లులో కొంత ఆయనే కట్టాడు.

ఆంక్షలు రష్యా మీదో, ఇరాన్ మీదో కదా, మనకెందుకు అంటుకుంటాయి?

చమురు వ్యాపారంలో సరుకుతో పాటు బ్యాంకు, బీమా, నౌక అనే మూడూ కలిసి కదలాలి. వీటిలో ఎక్కువ భాగం డాలరుతోనూ, పాశ్చాత్య సంస్థలతోనూ ముడిపడి ఉంది. ఆంక్ష పడిన కంపెనీతో వ్యవహరించే బ్యాంకు తానూ ఆంక్షలకు గురవుతానని భయపడి డబ్బు పంపదు. బీమా లేని నౌకను రేవులోకి రానివ్వరు. ఇరాన్ ఒకప్పుడు మన పెద్ద సరఫరాదారుల్లో ఒకటి. దూరం తక్కువ, చెల్లింపుకు గడువూ ఎక్కువ ఇచ్చేది. అమెరికా ఇచ్చిన మినహాయింపు 2019 మే నెలలో ముగియగానే ఆ కొనుగోళ్లు నిలిచిపోయాయి. 2025 అక్టోబరులో రష్యా చమురు కంపెనీలైన రాస్‌నెఫ్ట్, లుకాయిల్‌ల మీద అమెరికా ఆంక్షలు పెట్టినప్పుడు మన రిఫైనరీలు మళ్లీ కొత్త అమ్మకందారుల కోసం వెతకవలసి వచ్చింది.

పెద్ద దేశాల మధ్య ఇలా నలగడం ఇప్పుడే మొదలైందా?

కాదు, 1960 నాటికే మొదలైంది. అప్పుడు దేశంలోని పెద్ద రిఫైనరీలు మూడూ విదేశీ కంపెనీలవే: బొంబాయి ట్రాంబేలో బర్మా షెల్, స్టాన్‌వాక్ రిఫైనరీలు, విశాఖపట్నంలో 1957లో మొదలైన కాల్టెక్స్ రిఫైనరీ. సోవియట్ యూనియన్ తక్కువ ధరకు ముడిచమురు ఇస్తానంది. డాలర్ల కొరతతో ఉన్న ప్రభుత్వం సరేనంది. తమ రిఫైనరీలలో ఆ చమురును శుద్ధి చేయబోమని మూడు కంపెనీలూ తిరస్కరించాయి. నేల మనది, రేవు మనది, అవసరం మనది, కానీ రిఫైనరీ తాళం చెవి మాత్రం మన దగ్గర లేదు.

అప్పటి చమురు మంత్రి కె.డి.మాలవీయ ప్రభుత్వ రంగం కోసం పట్టుబట్టిన నేపథ్యం ఇదే. సోవియట్, రుమేనియా సాయంతో నూన్‌మతి, బరౌనీ, కోయలీ రిఫైనరీలు 1960ల్లో వచ్చాయి. 1970ల్లో విదేశీ కంపెనీల ఆస్తులను జాతీయం చేశారు. విశాఖ కాల్టెక్స్ కూడా అలాగే హిందుస్తాన్ పెట్రోలియంలో కలిసింది. తాళం చెవి చేతికి వచ్చింది. శుద్ధి చేయవలసిన సరుకు మాత్రం బయటిదిగానే మిగిలింది.

డబ్బు ఇస్తే ఎవరైనా అమ్ముతారు కదా? సరఫరాదారుణ్ని మార్చడం అంత కష్టమా?

కష్టమే కానీ అసాధ్యం కాదు. ముడిచమురు అంతా ఒక్కటి కాదు. గంధకం ఎక్కువున్నది, తక్కువున్నది, చిక్కనిది, పలచనిది అని రకాలున్నాయి. ప్రతి రిఫైనరీ కొన్ని రకాలకు అనుకూలంగా కట్టినది, వేరే రకం పోస్తే డీజిలు తగ్గి, అక్కరలేనివి ఎక్కువ రావచ్చు. మన కొత్త రిఫైనరీలు పలు రకాలను కలిపి వాడుకునేలా తయారయ్యాయి, అది మన బలం. మరొక సంగతి దూరం. గల్ఫ్ నుంచి పశ్చిమ తీరానికి నౌక వారం లోపే చేరుతుంది, రష్యా బాల్టిక్ రేవుల నుంచి దాదాపు నెల, అమెరికా నుంచి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఈ రోజు నిర్ణయం మార్చుకుంటే ఫలితం రేవుకు చేరేది వచ్చే నెలలోనే కనుక, ఆ మధ్య రోజులను గడిపించడానికే నిల్వలు కావాలి.

విదేశాల్లోని చమురు క్షేత్రాల్లో మన కంపెనీలకు వాటాలున్నాయి కదా, అవి ఆదుకోవా?

కొంతవరకే. ఓఎన్జీసీ విదేశ్‌కు రష్యాలోని సఖాలిన్-1లో 2001 నుంచి 20 శాతం వాటా ఉంది. అయితే 2022 తరువాత రష్యాలోని పెట్టుబడులపై మన కంపెనీలకు రావలసిన డివిడెండ్ల సొమ్ము అక్కడి బ్యాంకుల్లోనే చిక్కుకుపోయింది. కాగితం మీద వాటా ఉండడం వేరు, కష్టకాలంలో ఆ చమురో ఆ డబ్బో ఇంటికి చేరడం వేరు.

## ధర, జేబు

రష్యా చవకగా ఇచ్చినా మన బంకులో ధర తగ్గలేదెందుకు?

ముడిచమురు బ్యారెల్ 70 డాలర్లనుకుందాం, డాలరు 85 రూపాయలనుకుందాం. బ్యారెల్‌కు 159 లీటర్లు కనుక లీటరు ముడిచమురు విలువ 37 రూపాయల చిల్లర. విజయవాడలోనో హైదరాబాదులోనో లీటరు పెట్రోలుకు వంద దాటి కడుతున్నాం. మధ్యలో శుద్ధి, రవాణా, డీలరు కమిషను ఉన్నా, పెద్ద భాగం పన్నులదే. కేంద్ర ఎక్సైజుకు తోడు ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం వ్యాటు, దానిపై లీటరుకు 4 రూపాయలు, రోడ్ల కోసం మరో రూపాయి, తెలంగాణలో 35.2 శాతం వ్యాటు. అందుకే ముడిచమురులో కొన్ని డాలర్ల తగ్గింపు బంకు దాకా చేరదు.

మరో కారణమూ ఉంది. 2022లో ధర మండిపోయినప్పుడు ప్రభుత్వరంగ కంపెనీలు బంకు ధర పెంచకుండా నష్టం భరించాయి, ధర తగ్గినప్పుడు ఆ లోటు పూడ్చుకున్నాయి. తగ్గింపు కూడా మొదట్లో ఉన్నంతగా తరువాత నిలవలేదు. బంకు ధర చూసి ఇంధన భద్రతను అంచనా వేయడం మాత్రం పొరపాటు. ధర స్థిరంగా ఉన్న ఏడాదిలోనే సరఫరా అపాయంలో ఉండవచ్చు.

బ్యారెల్ మీద ఒక్క డాలరు పెరిగితే దేశానికి ఎంత భారం?

24 కోట్ల టన్నులంటే సుమారు 178 కోట్ల బ్యారెళ్లు. ఏడాది పొడవునా డాలరు ఎక్కువ కడితే 178 కోట్ల డాలర్లు, రూపాయల్లో 15,000 కోట్లు. ధర మామూలు అంచనాకన్నా 10 శాతం పెరిగితే ద్రవ్యోల్బణం సుమారు 0.3 శాతం పాయింట్లు పెరుగుతుందనీ, వృద్ధి 0.15 పాయింట్లు తగ్గుతుందనీ రిజర్వు బ్యాంకు లెక్కగట్టింది. పైగా చమురు పెరిగినప్పుడు డాలర్లకు గిరాకీ పెరిగి రూపాయి పడుతుంది, దాంతో అదే బ్యారెల్ ఇంకా ప్రియమవుతుంది.

కారు లేనివాళ్లకు, రైతులకు ఇది ఎక్కడ తగులుతుంది?

దేశం వాడే పెట్రోలియం ఉత్పత్తుల్లో పెట్రోలు ఆరో వంతు మాత్రమే. డీజిలు దాదాపు నూటికి 38 పాళ్లు. దుక్కి దున్నే ట్రాక్టరు, వరికోత యంత్రం, కూరగాయలు తెచ్చే లారీ, కరెంటు పోయినప్పుడు చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లను తిప్పే జనరేటరు, సముద్రంలోకి వెళ్లే మరపడవ, అన్నీ డీజిలువే. రాత్రి రెండు గంటలకు కరెంటు పోతే రొయ్యల రైతు డీజిలు ధర చూసుకుంటూ కూర్చోలేడు. జనరేటరు వేయకపోతే తెల్లారేసరికి చెరువంతా తేలిపోతుంది. యూరియా సంగతి కూడా చెప్పాలి. రామగుండంలోని కర్మాగారంతో సహా మన యూరియా ఎక్కువగా సహజవాయువు నుంచే తయారవుతుంది, దేశం వాడే సహజవాయువులో సుమారు సగం దిగుమతి. బస్తా ధర పెరగకుండా ప్రభుత్వం సబ్సిడీ కడుతుంది కనుక రైతుకు ఆ పెరుగుదల కనబడదు, ఖజానాకు కనబడుతుంది.

## నిల్వలు

విశాఖపట్నంలో కొండ కింద చమురు దాచారంటారు, నిజమేనా?

నిజమే. 2015లో వాడుకలోకి వచ్చిన ఆ గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు పడుతుంది. మంగళూరులో 15 లక్షల టన్నులు, దాని దగ్గరలోని పాదూరులో 25 లక్షల టన్నులు పట్టే గుహలున్నాయి. మూడూ కలిపి 53.3 లక్షల టన్నులు.

వాటి నిర్మాణంలోని యుక్తి తెలుసుకోదగినది. గుహ గోడలకు ఉక్కు రేకు గానీ, కాంక్రీటు తొట్టె గానీ ఉండదు. చమురు నేరుగా రాతినే ఆనుకుని ఉంటుంది. రాతిలో పగుళ్లు ఉంటాయి కదా, కారిపోదా అనిపిస్తుంది. గుహను భూగర్భ జలమట్టానికి బాగా దిగువన తొలుస్తారు, దాని పైభాగాన సన్నని సొరంగాలు తవ్వి, వాటి నుంచి బోర్లు వేసి, నిరంతరం నీరు నింపుతారు. పగుళ్లన్నీ నీటితో బిగిసి ఉంటాయి. బయటి నీటి ఒత్తిడి లోపలి చమురు ఒత్తిడి కంటే ఎక్కువ కనుక చమురు బయటికి పోలేదు, నీరే కొద్దికొద్దిగా లోపలికి ఊరుతుంది. నీరు బరువైనది కాబట్టి అడుగుకు చేరుతుంది, దాన్ని పంపులతో తోడేస్తారు. దీన్నే నీటి తెర అంటారు. నేల మీది ట్యాంకుల కంటే బాంబు దాడికి, తుపానుకు ఇవి భద్రమైనవి. తూర్పు తీరం వారికి ఆ రెండో మాట విలువ బాగా తెలుసు.

ఈ నిల్వలు మొత్తం ఎన్ని రోజులకు సరిపోతాయి?

గుహలు నిండుగా ఉన్నా, నేటి దిగుమతి లెక్కన ఎనిమిది రోజులకు. 2019-20 వాడకం ప్రకారం ప్రభుత్వం చెప్పిన లెక్క తొమ్మిదిన్నర రోజులు. వాడకం పెరిగింది కనుక రోజులు తగ్గాయి. చమురు కంపెనీల దగ్గరున్న 64.5 రోజుల సరుకును కలిపి మొత్తం 74 రోజులని పార్లమెంటుకు చెప్పారు. అయితే కంపెనీల సరుకులో పైపులైన్లలో ఉన్నదీ, ట్యాంకు అడుగున ఎప్పుడూ ఉండితీరవలసినదీ కలిసే ఉంటాయి. దాన్నంతా అత్యవసర నిల్వగా లెక్కించడం క్షేమం కాదని నేననుకుంటాను.

1973లో అరబ్ దేశాలు చమురు ఆపేసిన దిగ్బంధం తరువాత, 1974లో ఏర్పడిన అంతర్జాతీయ ఇంధన సంస్థ తన సభ్యదేశాలను 90 రోజుల నికర దిగుమతులకు సరిపడా నిల్వలు ఉంచుకోమంటుంది. మనం 2017 నుంచి అందులో అనుబంధ సభ్యులం. ఒడిశాలోని చండీఖోల్‌లో 40 లక్షల టన్నులు, పాదూరులో మరో 25 లక్షల టన్నుల నిల్వలకు 2021 జూలైలో ఆమోదం లభించింది. గుహ తొలవడానికి ఏళ్లు పడుతుంది కనుక, యుద్ధం వచ్చాక మొదలుపెడితే ఆ యుద్ధానికి అక్కరకు రాదు.

ధర పడిపోయినప్పుడు ఎక్కువ కొని దాచుకోవచ్చు కదా?

ఒకసారి అలాగే చేశాం. 2020 ఏప్రిల్, మే నెలల్లో కరోనా వల్ల ధరలు కుప్పకూలినప్పుడు బ్యారెల్ సగటున 19 డాలర్లకు కొని మూడు చోట్లా గుహలను నింపారు. దీనివల్ల సుమారు 5,000 కోట్ల రూపాయలు ఆదా అయ్యాయని ప్రభుత్వం ప్రకటించింది. అమెరికాలో ఒక రకం చమురు ధర సున్నాకన్నా దిగువకు పడిపోయిన నెలలవి. ఇంకా కొనవలసింది కదా అంటే, పోయడానికి చోటు లేదు.

## ఆధారం తగ్గించుకునే దారులు

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపారు. దిగుమతులు బాగా తగ్గినట్టేనా?

కొంత తగ్గాయి, అనుకున్నంతగా కాదు. 2014లో ఒకటిన్నర శాతంగా ఉన్న మిశ్రమం 2022 జూన్‌లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. పదేళ్లలో ఇది పెద్ద అంగే. కానీ ఇథనాల్ కలిసేది పెట్రోలులోనే, డీజిలులో కాదు. పైగా లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానికి మూడింట రెండు వంతులే. ఏటా కలిపే సుమారు 1,000 కోట్ల లీటర్లు దేశ మొత్తం వాడకంలో రెండు శాతానికి సమానమని నా లెక్క. పాత బండ్లలో మైలేజీ కొంత తగ్గిందన్న ఫిర్యాదు నిరాధారం కాదు. చెరకు, మొక్కజొన్న, బియ్యం ఇందుకు వాడుతున్నప్పుడు నీటినీ, కోళ్ల దాణా ధరనూ లెక్కలోకి తీసుకోవాలి.

ఎలక్ట్రిక్ వాహనాలకు మారితే చమురు బదులు చైనా మీద ఆధారపడడమే కదా?

ఆధారం ఉంటుంది, కానీ దాని స్వభావం వేరు. బ్యాటరీ సెల్లులకు, మోటార్లలోని అరుదైన ఖనిజాల అయస్కాంతాలకు చైనాయే పెద్ద దిక్కు. 2025 ఏప్రిల్‌లో అది అయస్కాంతాల ఎగుమతికి ఆంక్షలు పెట్టగానే మన వాహన కంపెనీలు ఇబ్బంది పడ్డాయి. అయితే చమురు ఆగితే రోడ్డు మీద ఉన్న బండ్లు వారాల్లో ఆగిపోతాయి. బ్యాటరీలు ఆగితే కొత్త బండ్ల తయారీ ఆగుతుంది గానీ ఉన్నవి ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటాయి. వాటికి కావలసిన కరెంటు మన బొగ్గు నుంచో, ఎండ నుంచో, నీటి నుంచో వస్తుంది. ఆ వ్యవధిలో తయారీని ఇక్కడ నేర్చుకునే అవకాశం ఉంటుంది. ముడిచమురును మాత్రం ఎంత నేర్చుకున్నా తయారుచేయలేం.

లారీలను ఎలా తగ్గిస్తారు? డీజిలే కదా పెద్ద భాగం?

సరుకును రైలుకు మళ్లించడమే దగ్గరి దారి. బ్రాడ్‌గేజి మార్గాల విద్యుదీకరణ దాదాపు పూర్తయింది; రైలెక్కిన ప్రతి టన్నూ డీజిలు నుంచి స్వదేశీ కరెంటుకు మారినట్టే. అయినా దూరప్రయాణపు లారీకి బదులు ఇంకా గట్టిగా దొరకలేదు.

పరిస్థితి మెరుగవుతోందో లేదో ఏ అంకె చూసి తెలుసుకోవాలి?

పెట్రోలియం మంత్రిత్వ శాఖ కింద ఉన్న ప్రణాళిక, విశ్లేషణ విభాగం ప్రతి నెలా లెక్కలు విడుదల చేస్తుంది. అందులో దిగుమతుల శాతం ఒక్కటే చూడవద్దు. వాడకం పెరిగే దేశంలో అది త్వరగా దిగదు. అన్నిటికన్నా పెద్ద సరఫరాదారు వాటా మూడో వంతు దాటిందా, డీజిలు వాడకం ఆర్థిక వృద్ధి కంటే నెమ్మదిగా పెరుగుతోందా, వంటగ్యాసు దిగుమతుల వాటా తగ్గుతోందా అన్నవి చూడండి. ప్రభుత్వ గుహల్లోని చమురు ఎన్ని రోజులకు వస్తుందన్న లెక్కను మీరే వేసుకోవచ్చు: నిల్వ టన్నులను ఏడాది దిగుమతితో భాగించి 365తో హెచ్చవేయాలి. చండీఖోల్, పాదూరుల కొత్త గుహలు పూర్తయి నిండినా, 2024-25 దిగుమతుల మీద ఆ లెక్క 18 రోజుల దగ్గర ఆగుతుంది.